‘ఇన్నేళ్లుగా ఏమీ కాలేదు’: గేట్ బజార్ పాత ఇళ్ల కరెంటుపై ఒక ఖండన

పాత ఇల్లు గట్టిదనీ, అందులోని కరెంటు పనీ అంతే గట్టిదనీ, ఇన్నేళ్లుగా ఏమీ కానిది ఇకమీదట మాత్రం ఏమవుతుందనీ చెప్పుకునే మాట బరంపురంలోని గేట్ బజార్‌లోనూ, అటువంటి ఇతర పాత పేటలలోనూ ఒక నమ్మకంగా స్థిరపడిపోయింది. ఇది ఇళ్ల యజమానులకే పరిమితమైన నమ్మకం కాదు. ఆ ఇళ్లలో మరమ్మతులు చేసే వైర్‌మన్లలో చాలామందిదీ, ముందు గదులను అద్దెకు తీసుకున్న దుకాణదారులదీ, చివరకు ఇంజినీరింగు చదివి వేరే ఊళ్లలో ఉద్యోగాలు చేస్తూ పండుగలకు వచ్చి వెళ్లే పిల్లలదీ ఇదే మాట. ఇక్కడ ఖండించవలసినది ఇంటి గట్టితనాన్ని కాదు. ఒకే కప్పు కింద ఉన్న వస్తువులన్నీ ఒకే వేగంతో ముసలివి కావన్న మామూలు విషయాన్ని ఈ నమ్మకం మరచిపోయిందన్నదే అభ్యంతరం.

బరంపురం ఉన్న గంజాం ప్రాంతం 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రంలో చేరేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలో భాగంగా ఉండేది. బరంపురం పాత పేటల ఇళ్ల పొందిక ఆ కాలపు తెలుగు పట్టణాల పొందికే. వీధి వైపు ముఖం ఇరుకుగా, వెనక్కి పొడవుగా, ఇరుగుపొరుగులతో ఉమ్మడి గోడలు పంచుకుంటూ, ముందు అరుగో దుకాణమో, ఆపైన ఒకదాని వెనుక ఒకటిగా గదులు, చివరన నుయ్యీ పెరడూ ఉండే ఈ ఇళ్లలో పాతవాటిని కట్టిన మేస్త్రీలకు కరెంటనేది ఒకటి వచ్చి గోడ ఎక్కుతుందన్న ఊహే లేదు. అందుచేత వాటిలో విద్యుత్తు ఇంటితో పాటు పుట్టలేదు. తరువాత వచ్చి చేరింది, అదీ ఒకేసారి కాక విడతలు విడతలుగా చేరింది. మొదటి విడతలో దూలాల వెంటా గోడల మీదా టేకు పట్టీలు కొట్టి, వాటిపై రబ్బరు తొడుగు గల రాగి తీగలను రేకు క్లిప్పులతో బిగించడమో, గాడి తీసిన చెక్కలో తీగలను దాచి పైన మూత వేసే కొయ్య కేసింగు పెట్టడమో ఆనాటి పద్ధతి. తరువాత పి.వి.సి. తొడుగు తీగలు వచ్చాయి. రాగికి కటకట వచ్చిన కాలంలో అల్యూమినియం తీగలు వచ్చాయి. ఆపైన మళ్లీ రాగి వచ్చింది. ఒక్కొక్క పెళ్లికీ, ఒక్కొక్క పంపకానికీ, ఒక్కొక్క అద్దె గదికీ ఒక్కొక్క ముక్క చేరుతూ వచ్చి, ఈనాడు పాత ఇంటి వైరింగు అంటే మూడు నాలుగు తరాల తీగలను ఇన్సులేషన్ టేపుతో ముడివేసి కుట్టిన బొంతగా మిగిలింది. ‘మా తాతగారి నాటి వైరింగు’ అని గర్వంగా చూపే ఇంట్లో తాతగారి నాటిది ఎంత, మనవడు నిరుడు అతికించినది ఎంత అన్నది ఆ ఇంటివారికే తెలియదు.

గానుగ సున్నంతో కట్టిన గోడ వందేళ్లు నిలుస్తుంది, టేకు దూలమూ నిలుస్తుంది, రాగి కూడా లోహంగా పెద్దగా చెడదు. పాత రాగి నాణ్యత ఈనాడు దొరకదని పెద్దలు అనే మాటలో ఆ మేరకు నిజం ఉన్నది. బజారులో నకిలీ తీగ చుట్టలు అమ్ముడుపోతున్న రోజులలో ఆ మాటను తేలికగా కొట్టివేయడానికీ వీలులేదు. అయితే మనిషిని కాపాడేది రాగి కాదు, రాగి మీది తొడుగు. కరెంటు తీగలో నుంచి గోడలోకో, ఇనుప పెట్టెలోకో, మనిషి వేలిలోకో దారి తీయకుండా ఆపే ఆ తొడుగునే ఇన్సులేషన్ అంటారు. రబ్బరు తొడుగు గాలికీ వేడికీ ఎండి, పెళుసెక్కి, బీటలు వారి, తీగను కాస్త కదిపితే పొడిగా రాలిపోతుంది. పి.వి.సి.ని మెత్తగా ఉంచడానికి కలిపిన ద్రవ్యం ఏళ్ల తరబడి వేడి తగిలిన చోట క్రమంగా వదలిపోయి, ఆ తొడుగు గట్టిపడి చిట్లుతుంది. సాధారణ పి.వి.సి. తొడుగును 70 డిగ్రీల సెల్సియస్ వేడి వరకు నిరంతరం ఓర్చుకునేలా తయారు చేస్తారు. ఓర్పు హద్దు దాటాక ప్రతి పది డిగ్రీలకూ దాని ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుందన్నది ఇంజినీర్లు వాడే మోటు లెక్క. దీనికి గోపాల్‌పూర్ సముద్రం మీదుగా వచ్చే ఉప్పు తేమ తోడవుతుంది. ఆ తేమకు స్విచ్చి బోర్డులోని ఇత్తడి స్క్రూ పచ్చబడుతుంది, ఇనుప క్లిప్పు తుప్పు పట్టి తీగ తొడుగును కొరుకుతుంది. ఇవన్నీ కొయ్య కేసింగు మూత కింద, సున్నం పూత వెనుక జరిగేవి గనుక పైకి ఇల్లు నిన్న ఉన్నట్టే ఉంటుంది.

ఇక ‘ఇన్నేళ్లుగా ఏమీ కాలేదు’ అన్న వాదానికి అసలు జవాబు తీగ వయసులో కాక ఆ తీగ మోసిన బరువులో ఉన్నది. తీగలో పుట్టే వేడి కరెంటుతో సమంగా పెరగదు. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది, పదిరెట్లయితే వందింతలవుతుంది. ఆనాటి గదిలో ఒక 60 వాట్ల బల్బు, ఒక పంకా, ఒక రేడియో ఉండేవి. మన 230 వోల్టుల సరఫరాలో అవన్నీ కలిసి ఒక ఆంపియరు దాటేవి కావు. ఈనాడు అదే గదికి ఒకటిన్నర టన్నుల ఏసీ వచ్చి ఏడెనిమిది ఆంపియర్లు లాగుతుంది. వంటింట్లో 2000 వాట్ల ఇండక్షన్ పొయ్యి దాదాపు తొమ్మిది, స్నానాల గదిలో గీజరు మరో తొమ్మిది లాగుతాయి. ఎక్కడో దూలం మీద, చెక్క డబ్బాలో, మెలిపెట్టి టేపు చుట్టిన ఒక వదులు జాయింటు ఉన్నదనీ, దాని నిరోధం, అంటే కరెంటుకు అది పెట్టే ఆటంకం, సగం ఓము అనీ అనుకుందాం. ఒక ఆంపియరు పారినప్పుడు ఆ జాయింటులో పుట్టే వేడి అర వాటు. చేయి పెట్టినా తెలియదు. పది ఆంపియర్లు పారితే అదే జాయింటులో 50 వాట్లు పుడతాయి. అంటే ఎండిన టేకు చెక్కకు ఆనించి ఒక బల్బును రాత్రంతా వెలిగించి మూతపెట్టినట్టే. జాయింటు అల్యూమినియందైతే పరిస్థితి ఇంకా హీనం. ఆ లోహం మీద గాలి తగిలిన వెంటనే కరెంటును అడ్డుకునే సన్నని పొర ఏర్పడుతుంది, స్క్రూ కింద నొక్కుడుకు అది మెల్లమెల్లగా జారి సడలుతుంది, ప్రతి వేడికీ వ్యాకోచించి ప్రతి చల్లదనానికీ కుంచించుకుని పట్టు వదులుతుంది. యాభై ఏళ్లు ఏమీ కాలేదన్న సాక్ష్యం ఆ అర వాటు కాలానికి చెందినది. యాభై వాట్ల కాలం ఈ ఇళ్లలో మొదలై ఎన్నో ఏళ్లు కాలేదు గనుక, దాని గురించి ఆ సాక్ష్యం చెప్పగలిగేది ఏమీ లేదు.

ఈ వాదానికే మరొక రూపం తుపానుల పేరుతో వినిపిస్తుంది. 2013 అక్టోబరు 12 రాత్రి గోపాల్‌పూర్ వద్ద తీరం దాటిన పైలిన్‌కే ఈ వైరింగు చెక్కుచెదరలేదనీ, 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీకీ అంతేననీ చెబుతారు. పైలిన్ తరువాత గంజాం జిల్లాలో రోజుల తరబడి కరెంటే లేదన్న సంగతి ఈ వాదన చేసేవారందరికీ తెలుసు. కరెంటు లేని తీగ వానలో నానినంత మాత్రాన ఎవరికీ షాక్ కొట్టదు, ఏ చెక్కా అంటుకోదు. కాబట్టి ఆ తుపాను గోడలకూ పెంకులకూ పరీక్ష పెట్టిందేగాని వైరింగుకు పెట్టలేదు. పైపెచ్చు సున్నపు గోడలు పీల్చుకున్న నీరు ఎన్నాళ్లకోగాని ఆరదు. సరఫరా తిరిగి వచ్చిన తరువాత ఆ తడి గోడల వెంట ఎంత కరెంటు ఊరుతూ పోయిందో కొలిచి చూసుకున్న ఇళ్లు అరుదు. పరీక్షే పెట్టనప్పుడు ఉత్తీర్ణత మాట ఎక్కడిది?

‘మేమూ మార్చాం, పాత పింగాణీ ఫ్యూజులు తీసేసి ఎం.సి.బి.లు పెట్టించాం’ అన్నది కొంత ముందుకు వచ్చినవారి సమాధానం. పింగాణీ ఫ్యూజులో తీగ తెగినప్పుడల్లా చేతికందిన లావుపాటి రాగి పోచను చుట్టే అలవాటుతో పోలిస్తే ఇది మేలే. కాని ఎం.సి.బి. ఏమి చూస్తుందో, ఏమి చూడదో తెలియకుండా దానిమీద పెట్టుకునే ధీమా పాత ఫ్యూజు మీది అనుమానం కంటే ప్రమాదకరం. ఎం.సి.బి.లో రెండు పనిముట్లు ఉంటాయి: ఎక్కువ కరెంటు చాలాసేపు పారితే వేడికి వంగి స్విచ్చిని పడవేసే లోహపు పట్టీ ఒకటి, రెండు తీగలు నేరుగా కలిసిపోయి ఒక్కసారిగా పెద్ద కరెంటు దూకినప్పుడు క్షణంలో లాగివేసే అయస్కాంతపు చుట్ట మరొకటి. రెండూ తమ గుండా పారే కరెంటు పరిమాణాన్నే చూస్తాయి. పైన చెప్పిన వదులు జాయింటు గుండా పారుతున్నది పది ఆంపియర్లే గనుక 16 ఆంపియర్ల ఎం.సి.బి. దృష్టిలో అక్కడ అంతా సవ్యంగానే ఉన్నది; చెక్క కాలుతున్న సంగతి దానికి తెలియదు. ఇళ్లు, దుకాణాలు తగలబడినప్పుడల్లా ‘షార్ట్ సర్క్యూట్ కారణం’ అని ఒక్క మాటతో ముగించే అలవాటు మన పత్రికలకు ఉన్నది. ఆ మాట చాలాసార్లు ఇటువంటి జాయింట్లను విచారణ నుంచి తప్పిస్తుంది. ఇక కొత్త ఏసీ పెట్టినప్పుడల్లా ఎం.సి.బి. పడిపోతోందని దాన్ని తీసి 32 ఆంపియర్లది పెట్టే పని గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. సన్నని తీగ మీద పెద్ద ఎం.సి.బి. పెడితే ముందుగా తెగేది తీగే, అంటే ఇంట్లో ఫ్యూజు పని గోడలోని తీగకు అప్పగించినట్టే.

ఎం.సి.బి. నిప్పు విషయంలోనే ఇంత గుడ్డిదైతే, మనిషి ప్రాణం విషయంలో మరీ గుడ్డిది. తడి చేతులతో, వట్టి కాళ్లతో నిలబడిన మనిషి శరీరపు నిరోధాన్ని సుమారు వెయ్యి ఓములుగా లెక్కిస్తే, 230 వోల్టుల తీగ తగిలినప్పుడు అతని గుండా పారేది 0.23 ఆంపియర్లు. ఒక మిల్లీ ఆంపియరు, అంటే ఆంపియరులో వెయ్యో వంతు, చిమచిమగా తెలుస్తుంది. పది పదిహేనుకు కండరాలు బిగుసుకుపోయి పట్టినది వదలలేని స్థితి వస్తుంది. యాభై నుంచి వంద మధ్య గుండె లయ తప్పి ప్రాణం పోవచ్చు. 0.23 ఆంపియర్లంటే 230 మిల్లీ ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎం.సి.బి.కి తన హద్దు చేరాలంటే దీనికి సుమారు డెబ్బై రెట్లు కావాలి. ఆ మనిషి దానికి ఒక చిన్న బల్బు లాగా కనిపిస్తాడు. బరంపురం పట్టు నేసే ఇళ్లలో గుంట మగ్గం మీద కూర్చున్న నేతగాని కాళ్లు నేలలోని గుంటలోకి దిగి తడి మట్టికి దగ్గరగా ఉంటాయి, తల మీదుగా పడుగు మీద వెలుతురు కోసం దింపిన హోల్డరు తీగ వేలాడుతుంది. కరెంటుకు ఇంతకంటే దగ్గరి దారి వేరొకటి అక్కరలేదు. జాతీయ నేర రికార్డుల సంస్థ లెక్కల ప్రకారం 2019, 2020, 2021 సంవత్సరాలలో ఏ ఒక్క ఏడాదిలోనూ దేశంలో విద్యుదాఘాత మరణాలు పన్నెండు వేలకు తగ్గలేదు.

‘మా ఇంటికి ఎర్తింగ్ ఉంది’ అన్నది తరువాతి కోట. ఎర్తింగ్ అంటే పనిముట్ల లోహపు ఒంటిని భూమితో కలపడం. తీగ తొడుగు చెడి ఒంటికి కరెంటు వచ్చినా అది మనిషి గుండా కాక ఆ దారిన భూమిలోకి పోవాలన్నది ఉద్దేశం. పాత ఇళ్లలో ఈ ఎర్తింగ్ అన్న పేరుతో ఉన్నవి ఏమిటో విప్పి చూడాలి. చాలాచోట్ల అది మునిసిపల్ కుళాయి ఇనుప గొట్టానికి చుట్టిన తీగ. ఆ గొట్టం తుప్పు పట్టి, మధ్యలో ఒక మూర ప్లాస్టిక్ గొట్టం అతికించిన రోజుననే ఆ ఎర్తు పోయింది. అతికించిన ప్లంబరుకు కరెంటుతో పని లేదు, ఎలక్ట్రీషియనుకు నీళ్లతో పని లేదు, ఇంటివారికి ఎవరూ చెప్పలేదు. మరికొన్ని ఇళ్లలో మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్తు రంధ్రాన్నీ న్యూట్రల్ రంధ్రాన్నీ వెనుక ఒక తీగ ముక్కతో కలిపేస్తారు. న్యూట్రల్ అంటే కరెంటు తిరిగి వెళ్లే తీగ; అది ఎక్కడైనా తెగిందంటే తిరిగి వెళ్లవలసిన కరెంటంతా ఆ ముక్క మీదుగా ఫ్రిజ్జు తలుపుకూ, వాషింగ్ మెషీను ఒంటికీ చేరుతుంది. ఎర్తు లేని ఇంటికంటే ఈ దొంగ ఎర్తు గల ఇల్లే ఎక్కువ అపాయం. పాత మెయిన్ బోర్డులలో కరెంటును తెచ్చే తీగైన ఫేజుకొకటి, న్యూట్రల్‌కొకటి రెండు ఫ్యూజులు ఉండడం, కొన్ని స్విచ్చిలు ఫేజులో కాక న్యూట్రల్‌లో పడడం కూడా ఈ కోవలోవే. స్విచ్చి ఆపి బల్బు మార్చబోయినవాని చేతికి హోల్డరులో కరెంటు బతికే ఉంటుంది.

పెరట్లో నిజంగానే గొట్టం పాతి, బొగ్గూ ఉప్పూ వేసి, శ్రద్ధగా ఎర్తు చేసిన ఇల్లే అనుకుందాం. ఎర్తింగ్‌కు మన దేశంలో ప్రమాణ గ్రంథమైన ఐ.ఎస్. 3043 ఏ మెళకువలు చెప్పినా భూమికి కొంత నిరోధం ఉండక తప్పదు. ఇంటి ఎర్తు నిరోధం 10 ఓములనీ, మిగతా దారిది లెక్కకు రానంత తక్కువనీ అనుకుంటే, గీజరు ఒంటికి ఫేజు తగిలినప్పుడు భూమిలోకి పారేది 23 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎం.సి.బి. గంటలోపు పడిపోయి తీరాలని ప్రమాణం విధించే హద్దు అంతకు దాదాపు ఒకటిన్నర రెట్లు, కచ్చితంగా 1.45 రెట్లు, అంటే 23.2 ఆంపియర్లు. తక్షణం పడిపోవాలంటే మన ఇళ్లలో వాడే సాధారణ రకానికి ఐదు నుంచి పది రెట్లు, 80 నుంచి 160 ఆంపియర్లు కావాలి. కాబట్టి మంచి ఎర్తూ మంచి ఎం.సి.బి.యూ రెండూ ఉండి కూడా ఆ గీజరు ఒళ్లు గంటసేపు దాదాపు పూర్తి వోల్టేజీతో ఉండవచ్చు. ఎర్తింగ్ అక్కరలేదని దీని అర్థం కాదు. ఎర్తింగ్ ఒక్కటే చాలునన్న మాట లెక్కకు నిలవదని అర్థం.

ఈ లోటును పూడ్చడానికే ఆర్.సి.సి.బి. అనే పరికరం ఉన్నది. అది కరెంటు ఎంత పారుతున్నదని చూడదు; ఫేజులో వెళ్లినంతా న్యూట్రల్‌లో తిరిగి వచ్చిందా లేదా అన్నది చూస్తుంది. రాలేదంటే ఆ తేడా గోడ గుండానో, మనిషి గుండానో భూమిలోకి పోతున్నదని గ్రహించి పడిపోతుంది. ఇళ్లకు వాడే రకం 30 మిల్లీ ఆంపియర్ల తేడాకు సెకనులో మూడో వంతు గడవకముందే సరఫరాను తెంచుతుంది. ఇంట్లో ఎర్తు సరిగా లేకపోయినా, షాక్ తగిలిన మనిషినే దారిగా గుర్తించి తెంచగలదు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలు చిన్న లోడు గల కనెక్షన్లను మినహాయించి మిగతా ఇళ్లకు ఈ 30 మిల్లీ ఆంపియర్ల రక్షణను కోరుతున్నాయి. ఆ మినహాయింపు చాటునే పాత ఇళ్లు దాగుతున్నాయి: కాగితం మీద లోడు తాతగారి నాటిదే, గోడ మీద ఏసీలు మాత్రం మనవడివి. దీనికీ హద్దులున్నాయి. ఒక చేత్తో ఫేజునూ మరొక చేత్తో న్యూట్రల్‌నూ పట్టుకున్నవానిని ఇది కాపాడలేదు. ఎక్కువ లోడును ఆపదు గనుక దీని పక్కన ఎం.సి.బి. ఉండి తీరాలి.

అన్ని అభ్యంతరాలలోనూ తీరుబడిగా చర్చించదగినది ఈ పరికరం మీదే వస్తుంది. ‘పెట్టించాం, కాని ఊరికే పడిపోతుంటే తీయించేశాం’ అంటారు. వైర్‌మన్ కూడా పాత ఇళ్లకు అది పనికిరాదని వంతపాడతాడు. ఊరికే పడిపోవడం అన్నది దాదాపు ఎప్పుడూ ఉండదు. పాత ఇంట్లో ముందు గది న్యూట్రల్‌నూ వెనుక గది న్యూట్రల్‌నూ దూలం మీద ఏదో ఒక డబ్బాలో కలిపేసి ఉంటారు. ముందు గది సర్క్యూటులో వెళ్లిన కరెంటు వెనుక గది న్యూట్రల్‌లో తిరిగి వస్తుంది గనుక పరికరం లెక్క తప్పినట్టు చూసి పడిపోతుంది. ఇన్వర్టరు పెట్టినప్పుడు దాని న్యూట్రల్‌నూ మామూలు న్యూట్రల్‌నూ ఒకటి చేసినచోట ఇదే జరుగుతుంది. వానాకాలంలో మాత్రమే పడిపోతే తడి గోడలో తొడుగు చిట్లిన తీగ ఉన్నదని అర్థం. గీజరు వేసినప్పుడు మాత్రమే పడిపోతే గీజరు లోపలి కడ్డీ చెడిందని అర్థం. ఇన్ని సంగతులు చెప్పగలిగిన పరికరాన్ని చెప్పిందన్న కోపంతో తీసి పారేయడం వింత న్యాయం. ఇల్లంతటికీ ఒకటే పెట్టి, ఎక్కడ తేడా వచ్చినా ఇల్లంతా చీకటి చేసుకోవడం మాత్రం తెలివైన పని కాదు. స్నానాల గది, వంటిల్లు, మోటారు, మిగతా ఇల్లు అని విడదీసి రెండు మూడు పెట్టడమే మేలు. ఇన్వర్టరు రకం ఏసీలు, ఎలక్ట్రానిక్ సరంజామా ఉన్న సర్క్యూట్లకు ‘ఎ’ రకం ఆర్.సి.సి.బి. అడగాలి, బజారులో చవకగా దొరికే ‘ఏసీ’ రకానికి, పేరు అదే అయినా, గది చల్లబరచే ఏసీతో సంబంధం లేదు.

వైరింగు మార్చడమంటే ఇల్లు పగలగొట్టడమేనన్న భయం కూడా ఇంతే. గానుగ సున్నపు గోడలకు గాడి కొట్టవద్దనే అనాలి. ఉమ్మడి గోడకైతే పొరుగువారితో తగవు కూడా. కాని గోడలో దాచడమే వైరింగు మార్చడం అని ఎవరూ నిర్ణయించలేదు. పాత టేకు పట్టీ పరుగెత్తిన దారి వెంటే పి.వి.సి. కేసింగు పరుగెత్తుతుంది, అందం కొంచెం తగ్గవచ్చు, అదే దారిన రేపు మరమ్మతు తేలికవుతుంది. అంతా ఒకేసారి చేయనక్కరలేదు కూడా. మొదట మెయిన్ బోర్డు, ఆర్.సి.సి.బి., నిజమైన ఎర్తు. తరువాత ఏసీకీ గీజరుకూ ఇండక్షన్ పొయ్యికీ ఒక్కొక్కదానికి బోర్డు నుంచి నేరుగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగతో, ఎర్తు తీగ తోడుగా, విడి సర్క్యూటు. ఈ రెండు పనులతోనే పాత తీగల మీది బరువు తాతగారి నాటి స్థాయికి దిగిపోతుంది. లైట్లు, పంకాల తీగలను గదికొకటిగా తీరికగా మార్చుకోవచ్చు. ఖర్చు లెక్క చెప్పేవారికి ఒక పోలిక: మంచి ఆర్.సి.సి.బి. ధర ఒకటిన్నర టన్నుల ఏసీ ధరలో పదో వంతు కూడా ఉండదు. రంగులకూ ఫాల్స్ సీలింగుకూ, రెండేళ్లకోసారి వచ్చే బుఢీ ఠాకురాణి యాత్రకు ఇంటి ముందు వేలాడదీసే దీపాల దండలకూ వెనుకాడని చేతులు ఈ పదో వంతు దగ్గర ఆగిపోవడానికి కారణం డబ్బు కాదు.

అదంతా కరెంటు కంపెనీ చూసుకోవాలనే మాటకు ఎక్కువ చోటు అక్కరలేదు. 2021 జనవరి 1 నుంచి దక్షిణ ఒడిశాలో పంపిణీ బాధ్యత బరంపురం కేంద్రంగా ఉన్న టి.పి. సదరన్ ఒడిశా సంస్థది. అది మీటరు వరకు. మీటరు దాటిన ప్రతి తీగా ఇంటివారిదే, ఆ పనిని లైసెన్సు గల కాంట్రాక్టరు చేతే చేయించాలన్నదీ చట్టమే. సరఫరాదారు వినియోగదారుని ఆవరణలో ఎర్తు టెర్మినల్ ఏర్పరచి నిర్వహించాలన్న నియమం 1956 నాటి విద్యుత్ నిబంధనల కాలం నుంచే ఉన్నది. దానిని ఎవరూ అడగకపోవడం వేరే సంగతి.

అసలు ఆటంకం అజ్ఞానమూ కాదు, ఖర్చూ కాదు. పంపకాలు తేలని ఆస్తి. ఇల్లు నలుగురు అన్నదమ్ములది, ఉంటున్నది ఒకరు, ముందు గది దుకాణానిది, మీటరు కాలం చేసిన పెద్దాయన పేరు మీద. అటువంటి ఇంటి గోడలోకి వెళ్లే రాగికి డబ్బు పెట్టడమంటే రేపు ఎవరి వాటాకు వస్తుందో తెలియని గోడకు పెట్టడమే. తీసుకుపోదగిన ఏసీ కొంటారు, తీసుకుపోలేని ఎర్తు వేయరు. అద్దెదారుడు యజమానిదంటాడు, యజమాని అన్నయ్యదంటాడు. ‘ఇన్నేళ్లుగా ఏమీ కాలేదు’ అన్న మాట ఈ చిక్కును పైకి చెప్పకుండా కప్పిపుచ్చడానికి దొరికిన గౌరవప్రదమైన దుప్పటి. వాటాల తగవు కోర్టులో ఎన్నేళ్లయినా ఆగగలదు, చిట్లిన తొడుగు ఆగదు. పైగా ఉమ్మడి గోడల వీధిలో ఒక ఇంటి దూలం అంటుకుంటే పక్కింటి దూలం ఎవరి వాటా అని నిప్పు అడగదు. బోర్డు, ఆర్.సి.సి.బి., ఎర్తు, ఈ మూడింటి ఖర్చును ఇంటిపన్ను వలె ఉమ్మడి ఖర్చుగా రాసుకుని, ఉంటున్నవారు ముందు పెట్టి పంపకాలలో మినహాయించుకునే ఒప్పందానికి ఏ అన్నదమ్ములూ అడ్డుచెప్పనక్కరలేదు.

పాత వైరింగు గట్టిదనే నమ్మకం మీద ఎవరికైనా ఇంకా పట్టుదల ఉంటే దానిని తేల్చే సాధనం ఉన్నది. మెగ్గర్ అనే మీటరుతో 500 వోల్టుల ఒత్తిడి పెట్టి తీగల తొడుగు ఎంత నిరోధిస్తున్నదో కొలుస్తారు. నిబంధనలు కోరే కనిష్ఠం ఒక మెగా ఓము, అంటే పది లక్షల ఓములు. నమ్మకం నిజమైతే ఆ అంకె దాటుతుంది. దాటినవారు ఈ వ్యాసాన్ని పక్కన పెట్టవచ్చు. తొలకరికి ముందొకసారి, వానలు పట్టాక మరొకసారి లైసెన్సు గల ఎలక్ట్రీషియనును పిలిపించి గేట్ బజార్ ఇళ్లవారు ఆ పరీక్ష చేయించుకోవాలి. ఒక ఇంటికి ఒక పూట చాలు, ఒక్క గోడకూ సుత్తి తగలనక్కరలేదు.